చుక్కాని వెనక చెయ్యి

రత్నమాలకి అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. మొగుడి మనసులో ఇంకో ఆడమనిషి ఉందేమోనని.

తుఫానంటే ఆమెకి అంత భయం లేదు. అంతర్వేది పల్లిపాలెంలో పుట్టింది, అక్కడే మేనత్త కొడుకుని చేసుకుంది. సముద్రం మొహం చూసి దాని మనసు చెప్పగలదు. మొగుడి మొహం చూసి చెప్పలేకపోయేది. రెండేళ్ళ కూతురు చిన్ని రాత్రి దగ్గితే భయం, పరిగెత్తుకుంటూ గుమ్మం దాటితే భయం, కానీ అవి వచ్చిపోయే భయాలు. ఇది మాత్రం పెళ్ళయిన ఆరేళ్ళుగా కొంగున కట్టుకుని తిరుగుతున్నది.

దానికి సగం కారణం వీరేంద్ర అందగాడు కావడం. మిగతా సగం, ఆ సంగతి అతనికి తెలియకపోవడం. చేపలు కొనడానికి వచ్చిన ముసలమ్మ పలకరించినా, బస్సు దిగిన కాలేజీ పిల్ల గుడికి దారి అడిగినా ఒక్కలాగే పళ్ళన్నీ కనబడేలా నవ్వేవాడు. ఆ నవ్వులో ఒక్కో పన్ను ఒక్కో ముల్లై రత్నమాలకి గుచ్చుకునేది.

రెండువేల ఆరు, ఎండాకాలం. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున బోర్లా, వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ రత్నమాల గరిటె గాల్లోనే ఆపేసింది.

"పదివేలా?"

"ఆయ్," అన్నాడు వీరేంద్ర, కంచంలోకి చూస్తూ.

"పడవకి రంగేయిస్తున్నావా బావా, బంగారం పూత పూయిస్తున్నావా?"

ఏటా ఈ రోజుల్లో పడవని తనే గోకి, సందులు తనే పూడ్చి, తనే రంగేసుకునేవాడు. డబ్బాలూ కుంచెలూ కలిపి రెండు వేలు దాటేది కాదు. ఈ ఏడు కథ మారింది. దిండిలో పడవ షికార్లు నడిపే ఆఫీసొకటి వీరేంద్ర పడవని ఆరు నెలలకి మాట్లాడుకుంది. పడవా కావాలి, నడిపే మనిషీ కావాలి. వారానికి ఒక్క రోజు ఇంటికి పంపిస్తారు.

"ఆళ్ళ రూలే అది. పెయింటరు చేత వేయించాలంట. పాత రంగంతా గోకేసి, లప్పం పెట్టి, రెండు కోట్లు ప్రైమరు, రెండు కోట్లు ఎనామిలు. తెల్ల రంగు, నీలం పట్టీ. టూరిస్టులు ఎక్కే పడవ కదే."

"టూరిస్టులు పడవ పక్కచెక్క చూసి ఎక్కుతారా?"

"ఫోటోలు తీసుకుంటారు."

"నీతోనా?"

వీరేంద్ర నవ్వాడు. పళ్ళన్నీ కనబడ్డాయి. రత్నమాల చారు పొయ్యకుండా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పదివేలతోనే ఊరుకునేదేమో. మర్నాడు కుళాయి దగ్గర రామలక్ష్మి కలిసింది. ఆమె మొగుడు సూర్యారావు పడవని కూడా దిండి ఆఫీసే మాట్లాడుకుంది. పెయింటరూ ఒక్కడే, నరసాపురం నుంచి రోజూ పంటు మీద గోదారి దాటి వచ్చే మాణిక్యాలరావు.

"మాది తొమ్మిదికి కుదిరింది," అంది రామలక్ష్మి బిందె ఎత్తుకుంటూ. "మీదెంతకి?"

"తొమ్మిదికే," అని అబద్ధమాడింది రత్నమాల.

"అదేంటమ్మా, మీది పది అంటున్నారు. ఎవరికోసమో ఏదో స్పెషలు పనంట. పెయింటరే అన్నాడంట మా ఆయనతో."

రత్నమాల బిందె నిండి పొర్లిపోయింది. ఆమె చూసుకోలేదు.

సాయంత్రం వీరేంద్రని గుమ్మంలోనే పట్టుకుంది.

"ఆ వెయ్యి దేనికి?"

"ఏ వెయ్యి?"

"సూర్యారావు మావయ్యకి తొమ్మిది, మనకి పది. రెండు పడవలూ ముప్ఫై రెండడుగులే. ఆ పై వెయ్యి దేనికీ అని."

వీరేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి దొరికిపోయినప్పుడు కూడా అవి అలాగే ఎర్రబడేవని ఆమెకి గుర్తుంది.

"మన చెక్క పాతది కదే. పని ఎక్కువ."

"ఆళ్ళ పడవ మనదానికన్నా పదేళ్ళు పెద్దది."

సరిగ్గా అప్పుడే సెల్లు మోగింది. "దుర్గాశ్రీ గారు, దిండి ఆఫీసు," అని గొణిగి అతను దొడ్లోకి నడిచాడు. రత్నమాల చిన్నికి గోరుముద్దలు పెడుతున్నట్టు గోడ పక్కకి చేరింది. చిన్ని అప్పటికే నిద్రపోయింది, అది వేరే సంగతి.

"ఆయ్ మేడమ్... ఆయ్, అంతా తెల్లరంగేనండి... అది మాత్రం తీసెయ్యమనకండి మేడమ్. ఆ ఒక్కటీ నాకు ఉంచెయ్యండి. దాన్ని వదులుకోలేనండి."

రత్నమాల చెవి గోడకి ఇంకా దగ్గరగా ఆనించింది. ఆరేళ్ళలో ఒక్కసారైనా తనతో అంత బతిమాలుకుంటూ మాట్లాడాడా? చీర కొనలేనన్న సంగతి కూడా నవ్వుతూనే చెప్పేవాడు.

ఆ రాత్రి పులుసు రుచి చూసి అత్త బంగారమ్మ మొహం చిట్లించింది. "ఏమే రత్నం, సముద్రం తెచ్చి గిన్నెలో పోసేవేంటే? ఉప్పు ఎన్నిసార్లు వేసేవు?"

"నా ఇష్టం అత్తా," అంది రత్నమాల, తల వంచుకుని.

మేనగోడలి గొంతులో తడి పోల్చుకుని బంగారమ్మ కంచం దగ్గరికి లాక్కుంది. ఆ పులుసే మంచినీళ్ళు కలుపుకుని తినేసింది.

దుర్గాశ్రీ నాలుగు రోజుల తర్వాత పని చూడ్డానికి వచ్చింది. స్కూటీ మీద వచ్చింది. చుడీదారు, నల్ల కళ్ళజోడు, చేతిలో ఫైలు. పాతికేళ్ళుంటాయి. బాగుంటుంది కూడా. పోనీ నల్లగా, లావుగా ఉంటే రత్నమాలకి ఆ వారమంతా కాస్త నిద్ర పట్టేది.

ఆ రోజు మొగుడికి క్యారేజీ తీసుకెళ్ళడానికి రత్నమాల పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. రెండు మూరల మల్లెపూలు పెట్టుకుంది.

"ఎక్కడికే ఆ పెళ్ళికి?" అంది బంగారమ్మ.

"పడవ దగ్గరికి."

"ఎండలో ఆ పట్టుచీరేంటే?"

"చల్లగా ఉంటుంది అత్తా."

పడవ కొబ్బరితోట నీడలో దుంగల మీద నిలబడి ఉంది. ఒక పక్కంతా గోకేసి, లప్పం పెట్టి, తెల్లగా మెరుస్తోంది. రత్నమాల పది అడుగుల దూరంలో ఆగిపోయింది. అది వాళ్ళింటి పద్ధతి. పడవ గోకడం మొదలుపెట్టింది లగాయతు మళ్ళీ నీళ్ళలోకి దించేదాకా ఇంట్లో ఆడవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. దించే రోజున ఇంటి కోడలు పసుపు చెయ్యి పడవ ముక్కు మీద అద్దుతుంది, అప్పుడే మైల తీరినట్టు. బంగారమ్మ మామగారి కాలం నుంచీ అంతే.

ఇంటి ఆడదానికి ఈ నియమం. మరి స్కూటీ మేడమ్ కి?

ఆమె పడవ చుట్టూ తిరుగుతూ, వేలితో చెక్క తడిమి చూస్తూ, ఫైల్లో రాసుకుంటోంది. వీరేంద్ర ఆమెని పడవ వెనక్కి, చుక్కాని చాటుకి తీసుకెళ్ళాడు. అక్కడ చెక్కకి ఒక గోనెపట్టా వేలాడుతోంది. అతను పట్టా ఎత్తాడు. ఇద్దరూ వంగి చూశారు. అతనేదో చెప్పాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతనూ నవ్వాడు.

రత్నమాల క్యారేజీ కింద పెట్టి పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"బాగుందండీ. ఉంచేసుకోండి, పైవాళ్ళకి నేను చెప్తాను," అంటూ దుర్గాశ్రీ బయటికి వచ్చింది. పట్టుచీరని చూసి ఆగింది. "మీరేనా రత్నమాల గారు?"

"ఆయ్."

దుర్గాశ్రీ ఆమె మొహం కన్నా ముందు ఆమె చేతుల వైపు చూసింది. కుడిచేతి వైపు మరీ పరీక్షగా చూసి, మళ్ళీ నవ్వుకుంటూ స్కూటీ ఎక్కింది.

నా గాజులు చూసి నవ్విందా, నా అరిచేతుల గరుకు చూసి నవ్విందా? ఇంటికొచ్చేదాకా రత్నమాలకి అదే గొడవ. పట్టుచీర మడతపెడుతూ కూడా అదే గొడవ.

మర్నాడు మధ్యాహ్నం వీరేంద్ర టర్పెంటైను కోసం సైకిలెక్కి మలికిపురం వెళ్ళాడు. మాణిక్యాలరావు టీ కొట్టు దగ్గరికి వెళ్ళాడు. పడవ దగ్గర ఎవరూ లేరు. ఆకాశం పడమర వైపు నల్లబడుతోంది. ఆ ఏటి మొదటి వాన ఇవాళో రేపో అన్నట్టుంది.

రత్నమాల పది అడుగుల హద్దు దాటింది. చుక్కాని చాటుకి వెళ్ళింది. చెక్కకి ఒళ్ళు తగలకుండా వంగి, రెండు వేళ్ళతో గోనెపట్టా పైకెత్తింది.

తెల్లటి చెక్క మధ్యలో పళ్ళెమంత మేర పాత ఆకుపచ్చ రంగు అలాగే వదిలేశారు. చుట్టూ టేపు, నున్నటి అంచు, పైన వార్నీషు మెరుపు. ఆ పచ్చదనం మధ్య ఎర్రగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్ళూ విచ్చుకుని ఉన్న ఆడమనిషి చెయ్యి.

తన చెయ్యి దానికి ఎదురుగా గాల్లో పెట్టి చూసుకుంది. తన చెయ్యి పెద్దది. ఆ వేళ్ళు సన్నగా, నాజూగ్గా ఉన్నాయి. తన చిటికెనవేలు లోపలికి వంకర. ఆ చిటికెనవేలు తిన్నగా, దర్జాగా ఉంది.

తనది కాదు. దుర్గాశ్రీది కూడా అయ్యుండదు, రంగు చాలా పాతది. అంటే కొత్త కథ కాదు, పాత కథ. ఏళ్ళ తరబడి ఆ చేతిని చుక్కాని చాటున దాచుకుని, దాన్ని వెంటబెట్టుకుని వేటకెళ్ళి, వచ్చి, తను వడ్డించిన అన్నం తిన్నాడు. దానికి ఇప్పుడు వెయ్యి రూపాయలు పోసి వార్నీషు పూయించాడు. తన ముక్కుపుడక రాయి ఊడిపోయి ఎనిమిది నెలలైంది, దానికి డబ్బుల్లేవు.

పక్కనే తెల్లరంగు డబ్బా మూత తీసి ఉంది. దాంట్లో నాలుగంగుళాల కుంచె ఉంది.

కుంచె ముంచింది. బొటనవేలి కొస మీద ఒక్క గీత పడిందో లేదో వెనక నుంచి కేక వినబడింది.

"అమ్మాయ్! ఆగాగు! కొంప ముంచేవు!"

మాణిక్యాలరావు టీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు. నూనెలో ముంచిన గుడ్డతో ఆ గీతని గబగబా తుడిచేశాడు.

"రెండు రోజులు కూర్చుని చేత్తో చేసేనమ్మా ఆ పని! మెషీను పెట్టడానికి లేదు, గరుకు కాగితం వేలికి చుట్టుకుని ఆ చెయ్యి చుట్టూ రుద్దేను. ముప్ఫై ఏళ్ళ నుంచి పడవలకి రంగేస్తన్నాను. మచ్చ కప్పెట్టమని డబ్బులిచ్చేవోళ్ళని చూసేను గానీ, మచ్చ కాపాడమని వెయ్యి రూపాయలు ఇచ్చినోడు మీ ఆయనొక్కడే."

"ఎవరిదండీ బాబాయిగారూ, ఆ చెయ్యి?"

"నాకేం తెలుసమ్మా? దానికేమైనా అయితే పడవ దిండికి పంపనన్నాడు. అంతే నాకు తెలిసింది."

మొదటి చినుకు రంగు డబ్బాలో టప్పుమంది.

"వానొచ్చేసింది! నిన్నేసిన కోటు ఇంకా ఆరలేదు. టార్పాలిన్ పట్టుకోమ్మా, అటు కొస పట్టుకో!" అంటూ ఆయన ముందువైపు పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే వీరేంద్ర సైకిలు చెట్టుకి గిరాటేసి వచ్చి, రెండో కొస అందుకున్నాడు. పడవ వెనక, టార్పాలిన్ కింద, మొగుడూ పెళ్ళాం మిగిలారు. పైన వాన దరువేస్తోంది.

వీరేంద్ర ఆమె చేతిలో కుంచె చూశాడు. ఎత్తి ఉన్న గోనెపట్టా చూశాడు.

"చూసేసేవా?"

"ఎవరిది?"

"ఎవరిదేంటే?"

"ఆ చెయ్యి ఎవరిది బావా? నాకు చెప్పు. ఏడవను. చెప్పేసేయ్." అంటూనే ఏడ్చేసింది.

వీరేంద్ర పళ్ళన్నీ కనబడేలా నవ్వడం మొదలుపెట్టాడు. రత్నమాల కుంచె విసిరింది. అతని చొక్కా మీద అడ్డంగా తెల్ల పట్టీ పడింది.

"నీదే పిచ్చిదానా!"

"నాది కాదు! చూడు!" చెయ్యి చాచి వంకర వేలు చూపించింది. "ఇది తిన్నగా ఉందా? నాది ఇంత సన్నంగా ఉందా?"

"పండుగప్ప చేప మొప్ప కోసుకుని నీ వేలు వంకరపోయింది ఎప్పుడు? పెళ్ళైన మరుసటేడు. అంతకుముందు తిన్నగానే ఉండేది. క్యారేజీ పట్టుకొచ్చేవు, గుర్తుందా? పెళ్ళయి రెండు నెలలు. కాలు జారి తడిరంగు మీద చెయ్యి ఆనించేసేవు. నీ చేతికంతా పచ్చరంగు. పడవ ముట్టుకున్నానని మీ అత్త చంపేస్తుందని వణికిపోయేవు. కిరసనాయిలు పోసి నేనే కడిగేను."

వాన చప్పుడులో ఆ మాట మెల్లగా ఆమెకి చేరింది. కిరసనాయిలు వాసన గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ళ తన చెయ్యి అతని రెండు చేతుల మధ్య ఉండటం గుర్తొచ్చింది. ముదురు పచ్చ రంగు, దాని కింద పూతగా వేసిన ఎర్ర రెడాక్సైడు. చేతికి పచ్చరంగు ఊడొచ్చిన చోట ఆ ఎరుపే బయటపడిందన్నమాట.

"తుడిచేస్తానన్నావు కదా!"

"తుడవబోయేను. కుంచె ఆడలేదు. ఏటా పడవంతా వేసుకుంటూ వచ్చి, అక్కడికొచ్చేసరికి ఆగిపోయి, పక్కనుంచి వేసుకుని వెళ్ళిపోయేవాడిని." అతను చుక్కాని మీద చెయ్యి వేశాడు. "సముద్రం మీద వెనక్కి వంగి చూస్తే చుక్కాని పక్కన నీ చెయ్యి ఉండేది. మనిషి తోడున్నట్టుండేది. దిండి మేడమ్ మొత్తం తెల్లరంగే ఉండాలంటే, కాళ్ళు పట్టుకున్నంత పనిచేసేను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వెయ్యి రూపాయలు దీనికి పోసేనంటే తిడతావని."

"తిడతాను. ఇప్పుడూ తిడతాను." ముక్కు చీది, మళ్ళీ ఆ గుర్తు వైపు చూసింది. ఎంత సన్నటి వేళ్ళు! ఎంత తిన్నటి వేలు! కళ్ళు తుడుచుకోవడం మధ్యలో ఆపేసింది. "అయితే ఆ పిల్లే కావాలన్నమాట నీకు."

"ఏ పిల్ల?"

"అదే, ఆ సన్నచేతుల పిల్ల."

"ఓరి దేవుడా! దానికి పులుసు పెట్టడం కూడా రాదే."

"నాలుగైదు రోజుల నుంచి నాకూ రావట్లేదులే," అంది రత్నమాల. అని, ఆపుకోలేక నవ్వేసింది. అతను ఒక చేత్తో టార్పాలిన్ పట్టుకుని, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వంకర వేలు అతని వేళ్ళ మధ్య సరిగ్గా ఇమిడింది. ఆరేళ్ళుగా అక్కడ ఇముడుతూనే ఉంది గానీ, ఆమె ఎప్పుడూ గమనించలేదు.

వాన తగ్గేవేళకి బంగారమ్మ గొడుగేసుకుని, చిన్నిని చంకనెత్తుకుని వచ్చింది. కోడలు చుక్కాని పక్కన నిలబడి ఉండటం, చెక్క మీద చేతి గుర్తు, రెండూ ఒకేసారి చూసింది.

"ఎవత్తే పడవని ముట్టుకుంది?"

"నేనే అత్తా. ఇప్పుడు కాదు, పెళ్ళయిన ఏడు. కాలు జారి."

బంగారమ్మ దగ్గరికొచ్చి కళ్ళు చికిలించి చూసింది. వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుంది. "ఆ ఏడే కదట్రా మనకి వల చిరిగేంత చేప పడింది?"

"ఆ ఏడేనమ్మా."

"అయితే ముట్టుకోమను," అంది ఆవిడ చిన్నిని కొడుక్కి అందిస్తూ. "ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా నాటకాలాడేరు ఇద్దరూ. ఏటా ముట్టుకోమను."

మర్నాడు మాణిక్యాలరావు ఆఖరి కోటు వేస్తుంటే రత్నమాల వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"బాబాయిగారూ, ఆ చెయ్యి పక్కన ఇంకో చెయ్యి వెయ్యాలండి."

"ఎవరిదమ్మా?"

"నాదే. ఇప్పటిది. ఆ పిల్లొక్కత్తీ ఆయనతో ఆరు నెలలు దిండిలో ఉంటుందా? కుదరదండి."

మాణిక్యాలరావు చాలాసేపు నవ్వాడు. "ఇంకో వెయ్యి అవుద్దమ్మా."

"చేపల పులుసు పెడతాను. ఉప్పు సరిగ్గా వేస్తాను."

ఆయన ఒప్పుకున్నాడు. నరసాపురంలో ఒంటరిగా వండుకు తినే మనిషికి అది లాభసాటి బేరమే. రెడాక్సైడులో ముంచిన ఆమె చేతిని తెల్లరంగు మీద ఆయనే అద్దించాడు. వంకర వేలు వంకరగానే పడింది. పెద్ద చెయ్యి, గరుకు చెయ్యి, గాజుల వరకూ నిండైన చెయ్యి. వీరేంద్ర రెండు చేతుల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏది బాగుంది?" అంది రత్నమాల.

ఆరేళ్ళ కాపురం అతనికి అంత తెలివి నేర్పింది. "కొత్తది," అన్నాడు వెంటనే.

జూన్ మొదటి వారంలో పడవ నీళ్ళలోకి దిగింది. ముక్కు మీద పసుపు చెయ్యి, వెనకాల రెండు ఎర్ర చేతులు. వశిష్ఠ గోదారి మలుపు తిరిగేదాకా వీరేంద్ర వెనక్కి చూస్తూనే ఉన్నాడు. రత్నమాల చిన్ని చెయ్యి పట్టుకుని ఊపిస్తూనే ఉంది. పడవ కనుమరుగయ్యాక ఆమెకి గుర్తొచ్చింది, దుర్గాశ్రీ ఆఫీసు రేవు ఎదురుగానే ఉంటుందని.

భయం పోయిందా అంటే, సగం పోయింది. మిగతా సగం ఉంది. అతని నవ్వు మారలేదు కదా.

అందుకని, మీరెప్పుడైనా దిండి వెళ్తే, నీలం పట్టీ వేసిన తెల్ల పడవలు చాలా కనబడతాయి, ఒక్కోదాని వెనక్కీ తొంగి చూడండి. చుక్కాని చాటున రెండు చేతులు కనబడితే అది వీరేంద్ర పడవే. వేళకి తింటున్నాడో లేదో, తడిబట్టలతో పడుకుంటున్నాడేమో కాస్త కనుక్కోండి. ఎవరితో నవ్వుతున్నాడో కూడా ఓ కంట చూసి రండి. రత్నమాల అడగమందని మాత్రం అనకండి.